ముందు నల్ల వైరు: సెలవులకు బండి నిలిపేటప్పుడు బ్యాటరీ విప్పే పని

(మన వార్షిక సమావేశంలో డ్రైవర్ల బృందం తరఫున చదివిన ప్రసంగ పాఠం)

 

కమిటీవారు మమ్మల్ని పిలిచి, డ్రైవర్లకు పనికొచ్చేది ఏదైనా చెప్పమన్నారు. మేము నలుగురం. ఇద్దరం షువైఖ్ ఇండస్ట్రియల్ ఏరియా గ్యారేజీల్లో పని చేస్తాం, ఇద్దరం కువైటీ ఇళ్ళలో డ్రైవర్లం. లైసెన్సు గురించి చెబుదామా, జరిమానాల గురించి చెబుదామా అని చాలాసేపు అనుకున్నాం. చివరికి మా ఫోన్లు చూసుకుంటే తెలిసింది. ఎండాకాలం వచ్చిందంటే మాకు వచ్చే ఫోన్లు ఎక్కువ ఒక్కటే రకం. "అన్నా, బండి సెల్ఫ్ తీసుకోవడంల్యా. బాబా వాళ్ళు రేపు దిగతాండారు. ఏం చెయ్యాల?" అందుకే ఆ ఒక్క సంగతే చెబుదామనుకున్నాం. బండి చాలా రోజులు నిలిపే ముందు బ్యాటరీ వైరు ఎట్లా విప్పాలి, మళ్ళీ ఎట్లా బిగించాలి, ఎప్పుడు అసలు ముట్టుకోకూడదు.

ఇది కూడా ఒక ఉపన్యాసమేనా అని కొందరికి నవ్వు రావచ్చు. పది నంబరు పానా ఉంటే రెండు నిమిషాల పని, నిజమే. ఆ రెండు నిమిషాల్లోనే మాలో ఒకడికి వేలు కాలింది. ఇప్పటికీ ఆ వేలు పూర్తిగా మడవడు, మడవలేడు. ఆ సంగతి కాసేపట్లో చెబుతాం.

మన వాళ్ళకు ఈ అవసరం రెండు విధాలుగా వస్తుంది. మొదటిది, మనమే సెలవు మీద ఊరికి పోయేటప్పుడు. కడప దిక్కువాళ్ళైనా, గోదావరి జిల్లాలవాళ్ళైనా, తెలంగాణ నుంచి వచ్చినవాళ్ళైనా, కంపెనీ ఉద్యోగంలో నాలుగు రాళ్ళు వెనకేసుకుని ఒక పాత కారు కొనుక్కున్నవాళ్ళు ఇప్పుడు చాలామందే ఉన్నారు. నెలో, నలభై ఐదు రోజులో ఊరికి పోతారు. ఫర్వానియాలోనో మహబూలాలోనో బిల్డింగు కింద ఎండలో కారు నిలబడి ఉంటుంది. రెండోది, ఇంటి డ్రైవర్లది. స్కూళ్ళకు సెలవులు ఇవ్వగానే ఇంటివాళ్ళు లండనుకో టర్కీకో పోతారు. రెండు నెలలు ఇల్లు ఖాళీ. మూడో నాలుగో బళ్ళు, తాళాలు అన్నీ మన చేతిలో. వాళ్ళు వచ్చిన రోజు ఎయిర్‌పోర్టుకు ఏ బండి తెమ్మంటే ఆ బండి కదలాలి. కదలకపోతే తప్పెవరిది? మనదే. బ్యాటరీ పాతదైనా మనదే.

ముందు బ్యాటరీ ఎందుకు దిగిపోతుందో చెప్పుకుందాం. కారణం తెలియకపోతే చెప్పిన పద్ధతి మర్చిపోతాం.

బండి ఆపి తాళం వేశాక కూడా లోపల కొన్ని మేలుకునే ఉంటాయి. అలారం, రిమోట్ తాళం కోసం చూసే చిన్న రిసీవరు, గడియారం, కంప్యూటర్ జ్ఞాపకం. మంచి స్థితిలో ఉన్న బండి అయితే ఇవన్నీ కలిసి 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్లు తాగుతాయి. చూడ్డానికి చాలా తక్కువ. లెక్క వేయండి. 50 మిల్లీ ఆంపియర్లు అంటే రోజుకు 1.2 ఆంపియర్-అవర్లు. మీ బ్యాటరీ మీద 60 అని రాసి ఉంటే, 25 రోజులకు సగం ఖాళీ, 50 రోజులకు మొత్తం ఖాళీ. అది కొత్త బ్యాటరీ, నిండా చార్జి ఉన్న బ్యాటరీ అయితే. మనం నలభై ఐదు రోజులు పోతాం. పైగా బయట పెట్టించిన ట్రాకరో, ముందు అద్దానికి అతికించిన కెమెరానో ఉంటే ఇంకా తొందరగా దిగుతుంది.

దానికి తోడు ఈ ఎండ. ఏ వైరూ లేకుండా ఊరికే పెట్టినా బ్యాటరీ తనంతట తానే కొంచెం కొంచెం దిగుతుంది. వేడి పెరిగేకొద్దీ అది వేగమవుతుంది, 10 డిగ్రీలు పెరిగితే ఇంచుమించు రెండింతలు. మనం ఉన్న దేశం సంగతి మీకు చెప్పేదేముంది. 2016 జులై 21న ఇక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. అది నీడలో కొలిచింది. బానెట్ కింద ఎంత ఉంటుందో మీరే ఊహించుకోండి. మన ఊళ్ళో నాలుగైదేళ్ళు వచ్చే బ్యాటరీ ఇక్కడ రెండేళ్ళకో రెండున్నరేళ్ళకో చస్తుంది. చలికి కాదు, వేడికి. ఇంకొకటి, సీసం బ్యాటరీ ఖాళీగా పడి ఉంటే లోపలి పలకల మీద గట్టి పొర కడుతుంది. ఆ తర్వాత ఎంత చార్జి పెట్టినా మునుపటి బలం రాదు. అందుకే "చచ్చిపోతే జంపర్ కొడదాంలే" అనుకోవడం తప్పు. జంపర్‌తో బండి లేస్తుంది, బ్యాటరీ మాత్రం సగం పోయినట్టే.

కాబట్టి నల్ల వైరు, అంటే మైనస్ వైరు, విప్పి పెడితే బండి తాగే కరెంటు ఆగిపోతుంది. తనంతట తాను దిగేది ఆగదు, కానీ అది నెమ్మది. నెలా, రెండు నెలలకు మామూలుగా తట్టుకుంటుంది. విప్పే ముందు మాత్రం నిండా చార్జి ఉండాలి. ఫహాహీల్ దాకా పోయి రండి, లేదా కనీసం అరగంట, ముప్పావుగంట రోడ్డు మీద తిప్పండి. మీటరు ఉంటే, బండి ఆపి కొన్ని గంటలయ్యాక కొలవండి. 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగమే. 12కు కిందికి వచ్చిందంటే వైరు విప్పినా లాభం లేదు, ముందు చార్జి పెట్టించాలి. మీటరు ఇక్కడ రెండు మూడు దినార్లకు దొరుకుతుంది. డ్రైవరు దగ్గర ఉండవలసిన వస్తువు.

ఇక అసలు సంగతి. ముందు నలుపు ఎందుకు?

కారులో ప్రతి దీపానికీ, ప్రతి మోటారుకూ రెండు వైర్లు పోవు. ఎరుపు వైరు ఒకటే పోతుంది. తిరిగి వచ్చే దారి బండి ఇనుము. అంటే బ్యాటరీ మైనస్ బండి బాడీకి బిగించి ఉంటుంది. మడ్‌గార్డు, ఇంజను, బానెట్ తలుపు, అన్నీ మైనస్సే. మనం ఇనుప పానాతో నల్ల నట్టు తిప్పుతుంటే, పానా రెండో కొస మడ్‌గార్డుకు తగిలినా ఏమీ కాదు. మైనస్ మైనస్‌కే తగిలింది. అదే ముందు ఎర్ర నట్టు తిప్పుతూ పానా మడ్‌గార్డుకు తగిలిందనుకోండి. ప్లస్, మైనస్ మధ్యలో పానా. అడ్డం ఏమీ లేదు. వందల ఆంపియర్లు ఒక్కసారిగా ఆ పానాలో పోతాయి. మన గదిలో ప్లగ్గులోపల ఉండే ఫ్యూజు 13 ఆంపియర్లది, దాంతో పోల్చుకోండి. పానా అతుక్కుపోతుంది, ఎర్రగా కాలుతుంది, నిప్పులు ఎగురుతాయి.

నల్ల వైరు ముందే తీసి పక్కన పెట్టేశామంటే బాడీకీ బ్యాటరీకీ సంబంధం తెగింది. ఇప్పుడు ఎర్ర నట్టు తిప్పేటప్పుడు పానా బాడీకి తగిలినా కరెంటుకు తిరిగి వచ్చే దారి లేదు. అందుకే విప్పేటప్పుడు ముందు నలుపు, తర్వాత ఎరుపు. బిగించేటప్పుడు తారుమారు, ముందు ఎరుపు, చివర నలుపు. ఒక్క ముక్కలో గుర్తు పెట్టుకోవాలంటే నల్లది మొదట వస్తుంది, చివర పోతుంది.

12 వోల్టులే కదా, షాకు కొట్టదు కదా అని మనవాళ్ళు అంటారు. షాకు కొట్టదు, నిజం. ప్లస్సూ మైనస్సూ చేత్తో పట్టుకున్నా పొడి చేతికి ఏమీ తెలియదు. ప్రమాదం షాకులో లేదు, కాలడంలో ఉంది. మాలో ఒకడని ముందే అన్నాం కదా, పేరు చెప్పొద్దన్నాడు, ఇక్కడే కూర్చున్నాడు. మిట్టమధ్యాహ్నం, ఇంట్లో పెద్ద బండి బ్యాటరీ మార్చాలి, తొందర. ఎరుపు దగ్గరగా కనపడిందని దానికే పానా వేశాడు. చేతికి పెళ్ళిలో అత్తగారింటివాళ్ళు పెట్టిన ఉంగరం. పానాకూ పక్కనున్న ఇనుప రాడ్డుకూ మధ్య ఆ ఉంగరం ఇరుక్కుంది. రెండు సెకన్లు కూడా కాలేదంటాడు. ఉంగరం వేలి చుట్టూ నిప్పు తీగలా అయిపోయింది. చెయ్యి లాక్కునేసరికి వేలి చుట్టూ తెల్లగా కాలిన గీత. ఆస్పత్రిలో ఉంగరం కోసి తీశారు. మూడు వారాలు స్టీరింగు పట్టలేదు. వేడి బంగారం మాంసంలోకి దిగితే ఎట్లా ఉంటుందో వాడు మాటల్లో చెప్పడు, చెయ్యి చూపిస్తాడు. టీ తాగేటప్పుడు అడిగితే మీకూ చూపిస్తాడు.

అందుకే మా మాటల్లో ఒక్కటే గుర్తుంటుందంటే ఇది గుర్తుంచుకోండి. బానెట్ ఎత్తే ముందు ఉంగరం, గడియారం, చేతి కడియం, మెళ్ళో గొలుసు తీసి జేబులో పెట్టండి. గొలుసు వంగినప్పుడు జారి పడుతుంది. వేలి ఉంగరం రాకపోతే సబ్బు నీళ్ళు పెట్టి తీయండి. అది కూడా రాకపోతే ఆ పని ఇంకొకరికి అప్పజెప్పండి, నామోషీ ఏమీ లేదు.

రంగు మీద పూర్తిగా నమ్మకం పెట్టుకోకండి. పాత బళ్ళలో ఎవరో ఒకరు వైరు మార్చి ఉంటారు, రెండూ నల్లగానే ఉంటాయి. దుమ్ము పట్టి ఎరుపు కూడా నలుపే అవుతుంది. బ్యాటరీ మీద అచ్చు వేసి ఉన్న ప్లస్, మైనస్ గుర్తులు గుడ్డతో తుడిచి చూడండి. అవీ చెరిగిపోతే, రెండు కొమ్ముల్లో ప్లస్ కొమ్ము కొంచెం లావుగా ఉంటుంది. మీటరు ఉంటే అదే చెబుతుంది.

పద్ధతి ఇది. బండి ఎక్కడ నిలపాలో అక్కడే నిలపండి, గేరు, హ్యాండ్‌బ్రేకు అన్నీ సరిచేసుకోండి. కొత్త బళ్ళలో కరెంటు లేకపోతే గేరు కదలదు, బటన్ బ్రేకు వదలదు. తర్వాత తోద్దామనుకుంటే కుదరదు. అద్దాలు పూర్తిగా ఎత్తండి, లైట్లు ఆపండి, తాళం బయటకు తీయండి. బటన్ స్టార్టు బండి అయితే తాళాన్ని బండికి దూరంగా పెట్టి రండి. ఆపగానే వెంటనే విప్పకండి, పది నిమిషాలు ఆగండి. బండిలోని కంప్యూటర్లు ఒక్కొక్కటే నిద్రపోవాలి, ఎయిర్‌బ్యాగు లోపల కూడా కాస్త కరెంటు మిగిలి ఉంటుంది. ఇంజను వేడి కూడా తగ్గుతుంది. అప్పుడు నల్ల క్లాంపు నట్టు వదులు చేయండి. జపాన్ బళ్ళకు ఎక్కువగా పది నంబరు. నట్టు పూర్తిగా తీయక్కర్లేదు, వదులైతే చాలు. క్లాంపును పానాతో కొట్టకండి, సుత్తితో అసలు కొట్టకండి, కొమ్ము కదిలి లోపల విరుగుతుంది. అటూ ఇటూ తిప్పుతూ పైకి లాగండి. వచ్చాక అక్కడే వదలకండి. లావు వైరు స్ప్రింగులాంటిది, మనం బానెట్ దించేలోపు మళ్ళీ పోయి కొమ్మును తాకుతుంది. పొడి గుడ్డ చుట్టి పక్కకు మడిచి కట్టేయండి.

నిలిపి పెట్టడానికైతే ఇంతే. ఎరుపు ముట్టుకోనక్కర్లేదు. బ్యాటరీ బయటకు తీయాలంటేనే ఎరుపు విప్పాలి, తర్వాత కింది పట్టీ విప్పాలి. బ్యాటరీ 15 కిలోలకు పైనే ఉంటుంది, రెండు చేతులతో నిటారుగా ఎత్తాలి. వంచితే లోపలి యాసిడ్ కారుతుంది.

కొమ్ముల మీద తెల్లగా, నీలంగా ఉప్పులా పేరుకుని ఉంటే చేత్తో గీకకండి. అది యాసిడ్‌కు చెందిందే. గ్లాసు వేడినీళ్ళలో రెండు చెంచాల వంటసోడా కలిపి, పాత టూత్‌బ్రష్షుతో రుద్దండి, బుసబుస పొంగి పోతుంది. తుడిచి ఆరబెట్టి, పైన కొంచెం వ్యాజ్‌లీన్ రాయండి. ఇళ్ళలో వంట చేసే అక్కలకు ఈ సోడా ఎక్కడుంటుందో మాకన్నా బాగా తెలుసు.

బ్యాటరీలో ఉన్నది గంధకామ్లం, పల్చనిదే అయినా బట్ట తింటుంది, చర్మం తింటుంది. కంట్లో పడితే మాత్రం సోడా గీడా వద్దు. నీళ్ళు. మామూలు నీళ్ళు. రెప్పలు తెరిచి పట్టుకుని కనీసం పదిహేను ఇరవై నిమిషాలు ఆపకుండా పోస్తూ ఉండాలి, తర్వాత ఆస్పత్రి. మంట తగ్గింది కదా అని మధ్యలో ఆపకండి. మనిషి స్థితి బాగా లేకపోతే 112కు ఫోను చేయండి.

గ్యాసు సంగతి. చార్జి అవుతున్న బ్యాటరీ హైడ్రోజన్ వదులుతుంది. వాసన ఉండదు, కనపడదు. గాలిలో నూటికి నాలుగు పాళ్ళు చేరితే నిప్పురవ్వకు అంటుకుంటుంది. అందుకే బ్యాటరీ దగ్గర సిగరెట్ వద్దు, లైటర్ వెలిగించి చూడడం వద్దు, చార్జర్ నడుస్తుండగా క్లిప్పులు లాగడం వద్దు. ముందు స్విచ్ ఆపాలి, తర్వాత క్లిప్పు తీయాలి. బ్యాటరీ పక్కలు ఉబ్బి ఉన్నా, కుళ్ళిన గుడ్డు వాసన వస్తున్నా ముట్టుకోకండి, దూరం జరిగి గ్యారేజీవాళ్ళను పిలవండి.

ఇక్కడ ఒక మాట మనసులో పెట్టుకుని వచ్చాం, చెప్పక తప్పదు. కొందరు తమ్ముళ్ళు ఎండకు పాడవుతుందని బ్యాటరీని తీసి గదిలోకి తెచ్చుకుంటున్నారు. రాత్రి చార్జర్ పెట్టి పడుకుంటున్నారు. ఆరుగురు, ఎనిమిది మంది పడుకునే గది. కిటికీ ఏసీ కోసం మూసి ఉంటుంది. మూలన గ్యాసు పొయ్యి. మంచం కింద బ్యాటరీ చార్జి అవుతోంది. మేము ఒక గదిలో కళ్ళారా చూసి వచ్చాం. తమ్ముడు చాలా జాగ్రత్తపరుడు, బ్యాటరీ కింద పేపరు కూడా పరిచాడు. ఆ జాగ్రత్త చూసి మాకు నోట మాట రాలేదు. పడుకునే గదిలో చార్జి పెట్టొద్దు. షువైఖ్‌లో చార్జి పెట్టించుకోండి, అరదినారో దినారో పోతుంది, పోనీండి. అక్కడ కుదరకపోతే బయట గాలి ఆడే చోట, మనిషి మెలకువగా ఉన్నప్పుడు పెట్టండి.

ఇంటి డ్రైవర్లకు ఇంకో మాట. ఎవరి బండి అయినా వాళ్ళను అడగకుండా వైరు విప్పకండి. మేము నేర్చుకున్నది ఒక దెబ్బ తగిలాకే. మాలో ఒకడు మంచికే చేశాడు, ఇంటివాళ్ళు లేనప్పుడు నాలుగు బళ్ళకూ నల్ల వైర్లు విప్పేశాడు. వాళ్ళు వచ్చాక బిగిస్తే ఒక బండి రేడియో కోడ్ అడిగింది, ఆ కోడ్ ఎవరి దగ్గరా లేదు. ఇంకో బండికి బ్యాటరీ డిక్కీలో ఉంది. డిక్కీ మూసేశాక కరెంటు లేదు, రిమోట్ పనిచెయ్యదు, డిక్కీ తెరుచుకోదు. రిమోట్ లోపల దాగి ఉండే చిన్న ఇనుప తాళం చెవి సంగతి వాడికి తెలియదు. మనిషిని పిలిపించి తెరిపించారు. తిట్లు తిన్నది ఎవరో చెప్పక్కర్లేదు. అందుకే డిక్కీలో బ్యాటరీ ఉన్న బళ్ళకు ముందు ఆ ఇనుప తాళం తీసి, అది ఏ రంధ్రంలో పడుతుందో చూసుకుని, తర్వాతే విప్పండి. నారింజ రంగు లావు వైర్లు ఉన్న హైబ్రిడ్ బళ్ళ జోలికి, కరెంటు బళ్ళ జోలికి సొంతంగా పోకండి. ఆ నారింజ వైర్లలో వందల వోల్టులు ఉంటాయి, అక్కడ షాకు కొడుతుంది, ప్రాణం పోతుంది.

ఇంకొకడి కథ దీనికి తిరగేసినది. ఇంటివాళ్ళు రెండు నెలలు పోయారు. వాడు రోజూ బళ్ళు కడిగాడు, తుడిచాడు, కవరు కప్పాడు. లోపల ఏం జరుగుతోందో చూడలేదు. తిరిగొచ్చిన రోజు పెద్ద బండి లేవలేదు. కొత్త బ్యాటరీ ఖర్చు జీతంలో పట్టుకున్నారు. ఊళ్ళో కూతురు ఫీజు కట్టాల్సిన నెల అది. ఆ బ్యాటరీకి మూడేళ్ళు నిండాయి, ఎవరు చూసుకున్నా చచ్చేదే. కానీ ఆ మాట చెప్పడానికి వాడి దగ్గర ఆధారం ఏముంది? మరుసటేడు మేము ఒక ఉపాయం చెప్పాం. ఇంటివాళ్ళు బయల్దేరే వారం ముందే మీటరు పెట్టి ప్రతి బండి బ్యాటరీ కొలిచాడు. మీటరు అంకె కనపడేట్టు, బ్యాటరీ మీద తేదీ చీటీ కనపడేట్టు ఫోటో తీశాడు. బాబాకు వాట్సాప్‌లో పంపి, వచ్చిన అరబీలోనే అడిగాడు. "బాబా, సయ్యారా వాయిద్ అయ్యామ్ వాగిఫ్, బ్యాటరీ ఖర్బాన్." బండి చాలా రోజులు నిలబడితే బ్యాటరీ పాడవుతుంది, వైరు విప్పమంటావా, లేక పది రోజులకోసారి తిప్పమంటావా అని. బాబా తిప్పమన్నాడు. ఆ జవాబు ఫోనులో అట్లాగే ఉంచుకున్నాడు. ఆ ఏడు ఒక బ్యాటరీ చచ్చింది, జీతంలో పైసా పోలేదు. ఇంటి పనివాళ్ళ కోసం 2015లో వచ్చిన 68వ చట్టం ఇంటి డ్రైవర్లకు కూడా వర్తిస్తుంది, వారానికో రోజు విశ్రాంతి, ఏడాదికో నెల జీతంతో సెలవు అందులో ఉన్నాయి. హక్కుల సంగతి మన లాయరుగారు మధ్యాహ్నం చెబుతారు. మేము చెప్పేది ఫోటో సంగతి.

తిప్పమంటే ఎట్లా తిప్పాలో కూడా చెప్పాలి. నిలబెట్టిన చోటే ఏసీ పూర్తిగా పెట్టి అయిదు నిమిషాలు ఇంజను ఆన్ చేస్తే బ్యాటరీకి ఒరిగేది పెద్దగా లేదు. అరగంట రోడ్డు మీద పోవాలి. తిప్పమన్నారని స్నేహితులను ఎక్కించుకుని అవెన్యూస్ మాల్‌కు పోవద్దు. చిన్న గీత పడినా మన మెడకే. బేస్‌మెంటులోనో, తలుపు మూసిన గ్యారేజీలోనో ఇంజను ఆన్ చేసి నిలబడొద్దు. ఆ పొగలో వాసన లేని విషం ఉంటుంది, కార్బన్ మోనాక్సైడ్. నిద్ర వచ్చినట్టే ఉంటుంది, మనిషి లేవడు. తలుపు పూర్తిగా తెరిచి, బండి బయటకు తెచ్చాకే మిగతా పని.

సొంత బండి పెట్టి ఊరికి పోయేవాళ్ళు బ్యాటరీ ఒక్కటే చూసుకుని పోకండి. టైర్లలో గాలి కాస్త ఎక్కువ పెట్టండి. లోపల సెంటు సీసా, లైటరు, పవర్ బ్యాంకు వదలకండి, ఆ వేడికి పేలతాయి. దఫ్తర్ గడువు, ఇన్సూరెన్సు గడువు మీరు లేనప్పుడు ముగుస్తాయేమో చూసుకోండి. దుమ్ము కప్పుకుని కదలకుండా ఉన్న బండికి మున్సిపాలిటీవాళ్ళు చీటీ అతికిస్తారు, గడువు దాటితే ఎత్తుకుపోతారు. నమ్మకమైన మనిషికి తాళం ఇచ్చి, వారానికోసారి దుమ్ము దులపమనండి. వైరు విప్పి ఉందని కూడా ఆ మనిషికి చెప్పండి. చెప్పకపోతే పాపం వాడు రిమోట్ నొక్కి నొక్కి, బండి పాడైందని మీకు ఊళ్ళో పెళ్ళి మధ్యలో ఫోను చేస్తాడు. జరిగింది కాబట్టే చెబుతున్నాం.

తిరిగొచ్చాక బిగించడం. కొమ్ములు, క్లాంపులు పొడిగా తుడవండి. ఎరుపు విప్పి ఉంటే ముందు ఎరుపు. చివర నలుపు. నలుపు తాకేటప్పుడు చిన్న చిటుకు మంటే భయపడకండి, బండిలోని కంప్యూటర్లు మేలుకుంటున్నాయి. పెద్ద నిప్పురవ్వలు వస్తే మాత్రం వెంటనే తీసేయండి, ఏదో ఆన్‌లో ఉంది, లేదా తారుమారు పెట్టారు. తారుమారు పెడితే ఫ్యూజులు, డైనమో, కంప్యూటర్లు కాలతాయి, అక్కడితో బ్యాటరీ ఖర్చు చిన్నదైపోతుంది. క్లాంపు చేత్తో తిప్పితే తిరగకూడదు, అంత బిగువు చాలు. బండి లేచాక గడియారం తప్పు చూపిస్తుంది, అద్దం ఒక్క నొక్కుకు పూర్తిగా ఎక్కదు. అద్దం పైదాకా ఎత్తి బటన్ కాసేపు అట్లాగే పట్టుకుంటే చాలా బళ్ళలో సర్దుకుంటుంది. కాసేపు ఇంజను ఎగుడుదిగుడుగా తిరగొచ్చు, మీటరు బోర్డు మీద ఒకటి రెండు దీపాలు వెలగొచ్చు. పది నిమిషాలు తోలితే పోతాయి. పోకపోతే గ్యారేజీకి రండి. బ్రేకు దీపం కానీ ఎయిర్‌బ్యాగు దీపం కానీ వెలిగే ఉంటే ఆ బండిలో ఇంటివాళ్ళ పిల్లలను స్కూలుకు ఎక్కించకండి, ముందు చెప్పండి.

ఒక్క నిమిషంలో ముగిస్తాం. హాలు బయట పార్కింగులో, ఎడమవైపు నీడలో, మాలో ఒకరి పాత కొరొల్లా నిలిపి ఉంచాం. బానెట్ ఎత్తి ఉంటుంది. మీటరు, రెండు పది నంబరు పానాలు, వంటసోడా నీళ్ళు, గుడ్డపేలికలు అక్కడే పెట్టాం. టీ అయ్యాక వచ్చి ఒక్కొక్కరు ఒక్కసారి విప్పి, ఒక్కసారి బిగించి పోండి. ఇళ్ళలో పనిచేసే అక్కలు కూడా రావచ్చు, డ్రైవరు లేని రోజు మీకే చెబుతారు కదా. వచ్చే ముందు ఉంగరాలు తీసి జేబులో వేసుకోండి, గేటు దగ్గర మావాడు చేతులు చూసే లోపలికి పంపిస్తాడు.